వాగుగట్టులో నోరు

మా పెద్దమ్మ ఎవరినైనా కొత్తగా చూస్తే ముందు పళ్ళు చూసేది, తరవాతే మొహం. అందులో ఆమె తప్పేం లేదు. పెళ్ళికి ముందు నుంచీ కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేసింది. డాక్టర్లు పేషెంట్ల నోటి అచ్చు తీసి పంపితే, అందులో ప్లాస్టర్ పోసి, చిగుళ్ళు దిద్ది, పన్ను పక్కన పన్ను పేర్చి సెట్టు కట్టడం ఆమె పని. ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళు తన అక్క పెట్టిన పళ్ళతోనే నవ్వుతున్నారని మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. బస్సులో ఎదుటి సీట్లో ఎవరైనా ఆవలిస్తే చాలు, పెద్దమ్మ నా చెవి దగ్గరికి వంగి, "పై సెట్టు మాదే. కింద సెట్టు ఎవరి దగ్గర చేయించుకున్నాడో పాపం," అనేది.

పెద్దనాన్న లిఫ్టుల మెకానిక్. పెద్ద పెద్ద మేడల్లో లిఫ్టు నడిచే గొయ్యిలో, ఇనప తాళ్ళ మధ్య, నెత్తికి లైటు కట్టుకుని బతుకంతా గడిపాడు. రిటైరయ్యాక ఎక్కడుంటారని ఎవరడిగినా ఆయనది ఒకటే జవాబు: "నాలుగు వైపులా గోడల్లేని చోట." అందరం అది సరదా మాటనుకున్నాం. పెద్దమ్మ కూడా అలాగే అనుకుని, ఆయన ఫారం చూడ్డానికి తీసుకెళ్ళిన రోజు విహారానికనుకుని మంచి చీర కట్టుకుని వెళ్ళిందట.

అది ఊరికి దూరంగా, గుట్టల నడుమ, వాగు పక్కన ఉన్న పశువుల ఫారం. అమ్మిన పెద్దాయన దాన్ని 'రాంచ్' అనేవాడు. ఆ మాట పెద్దనాన్నకి ఎంత నచ్చిందంటే, అక్కడికి మారిన రోజు నుంచీ ఫోనెత్తితే చాలు, "హలో, రాంచ్," అనేవాడు. పక్కనే నిలబడ్డ పెద్దమ్మ, "రాంగ్ నంబరని చెప్పండి," అనేది.

వెళ్ళిన కొత్తలోనే ఆయన ఇంటి నిండా గిలకలు బిగించాడు. తాడు లాగితే గడ్డిమోపు కొట్టం మీది అటకెక్కేది. తాడు లాగితే గేటు తెరుచుకునేది, వదిలితే వేలాడే బరువు వల్ల దానంతటదే మూసుకునేది. ఒకసారి పశువుల డాక్టరు లోపలికి వస్తుండగా ఆ గేటు వెనకనుంచి తగిలి, పాపం ఆయన రెండు రోజులు నిలబడే భోంచేశాడు. పెద్దనాన్న అటక మీద కూర్చుని పాత రేడియోలు విప్పుతూ బిగిస్తూ ఉంటే, పెద్దమ్మ కింద బుట్టలో టీ గ్లాసు పెట్టి తాడు లాగేది. చుక్క తొణక్కుండా టీ పైకి వెళ్ళేది. ఆ బుట్టను చూసి మురిసినంతగా ఆయన మనవరాలిని చూసి కూడా మురిసేవాడు కాదు.

పెద్దమ్మకి ఆవులంటే భయం. కంచె ఇవతల నిలబడి వాటివైపు చూసేది, అంతే. మొదటి వారంలోనే ఒక ఆవు మూతి పైకెత్తి నెమరేస్తుంటే ఆమె చూపు అలవాటు ప్రకారం నోట్లోకి పోయింది. మరో ఆవుని చూసింది. ఇంకో దాన్ని చూసింది. చూసి, చప్పుడు చెయ్యకుండా పెద్దనాన్న దగ్గరికి వెళ్ళి, "ఏమండీ, మిమ్మల్ని నిలువునా మోసం చేశారు. ఒక్కదానికీ ముందు పైపళ్ళు లేవు," అంది. ఆయన వెళ్ళి దవడలు విప్పి చూసుకుంటే నిజమే. మొహం పాలిపోయింది. పశువుల డాక్టరు ఫోన్లో కాసేపు నవ్వి, ఆవులకి పుట్టుకతోనే ముందు పైపళ్ళుండవనీ, అక్కడ గట్టి చిగురే ఉంటుందనీ చెప్పాడు. పెద్దమ్మ నమ్మీ నమ్మనట్టు విని, "ఎందుకైనా మంచిది, మెత్తటి గడ్డే పెట్టండి," అని ఊరుకుంది.

అసలు చిక్కు ఆమె చేతులతో వచ్చింది. అన్నేళ్ళు క్షణం తీరిక లేకుండా ఉన్న చేతులకి ఒక్కసారిగా పని లేకుండా పోయింది. అల్లిక మొదలుపెట్టింది. స్వెట్టరు సగంలో ఆగింది. గులాబీలు వేసింది. ఆవులు మేశాయి. చివరికి మిగిలిన ప్లాస్టర్‌తో మనవరాలి బొమ్మకి పళ్ళ సెట్టు చేసింది. ఎంత బాగా కుదిరిందంటే, బొమ్మ నవ్వు చూసి ఆ పిల్ల జడుసుకుని దాన్ని బీరువాలో పెట్టేసింది. పెద్దమ్మ వరండాలో కూర్చుని గుట్టలవైపు చూస్తూ, "ఇంత చోటు ఏం చేసుకోవాలి?" అనేదట. 

ఆ ఏడు వానలు విరుచుకుపడ్డాయి. వాగు పొంగి ఫారం వైపు గట్టు పెద్ద పెళ్ళగా విరిగి పడిపోయింది. దాంతోపాటు కంచె కూడా. నీళ్ళు తగ్గాక ఇద్దరూ కంచె బాగుచెయ్యడానికి వెళ్ళారు. ఆ రోజు నేను లేను. కానీ ఇద్దరి నోటా ఎన్నిసార్లు విన్నానంటే, ఇప్పుడు తలుచుకుంటే నేనూ అక్కడ మేకుల డబ్బా పట్టుకుని నిలబడ్డట్టే ఉంటుంది.

పెద్దనాన్న కొత్త కంచె గుంజ దింపడానికి గట్టు పాదంలో గునపం ఎత్తాడు. పెద్దమ్మ, "ఆగండి," అంది.

విరిగిన గట్టు బూడిదరంగు రాతి పొరలతో పుస్తకాల దొంతరలా ఉంది. దాని మధ్యలో చెయ్యి బారున ఒక నల్లటి గీత. ఆ గీత నిండా చిటికెన వేలి కొసలంత మొనదేలిన రాళ్ళు. పైవి కొన్ని, కిందవి కొన్ని. పైదాని మొన కింది రెంటి సందులోకి దిగి ఉంది. పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చూపుడు వేలు ఈ చివరనుంచి ఆ చివరకి మెల్లగా జరిపింది. ల్యాబ్‌లో రోజూ చేసిన పనే అది. కళ్ళు తెరిచేసరికి ఆమె గొంతు మారిపోయింది.

"ఇది నోరండీ."

"రాయికి నోరేంటి, నీ మొహం."

"బైట్ కుదిరింది చూడండి, పైపన్నుకీ కిందిపన్నుకీ. రాయి ఇలా కుదరదు. ఇది నోరు మూసుకుని పడుకుంది."

ఆయన గునపం దించలేదు. ఆమె లేవలేదు. చివరికి ఆయనే గొణుక్కుంటూ పదడుగులు అవతల గొయ్యి తవ్వుకున్నాడు. ఆమె మాత్రం అక్కడే బురదలో కూర్చుండిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం భోజనం సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆమె వాగుదాకా వెళ్ళి నీళ్ళు దోసిట్లో తెచ్చి ఆ పళ్ళమీద పోసేది. తడి తగిలితే అవి నిగనిగా మెరిసేవి. ఎండితే మళ్ళీ రాయి. మళ్ళీ నీళ్ళు తెచ్చేది. పళ్ళను ఇన్నేళ్ళుగా చూశాననీ, ఇంతమంది నోళ్ళు తన చేతుల మీదుగా వెళ్ళాయనీ, కానీ ఇలాంటిది ఒక్కటీ తగల్లేదనీ తరవాత నాతో చెప్పింది.

ఊరి మ్యూజియానికి ఫోన్ చేస్తే ఒకావిడ పాత వ్యాన్‌లో వచ్చింది. మా పెద్దమ్మ కూతురి ఈడుది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, నెత్తిన వెలిసిన టోపీ. గట్టు చూడగానే పలకరింపులన్నీ మర్చిపోయి బురదలో బోర్లా పడుకుంది. అలా చాలాసేపుంది. పెద్దనాన్నకి కంగారు పుట్టి, "ఆవిడకి ఒంట్లో బాగానే ఉందా?" అని పెద్దమ్మని సైగ చేసి అడిగాడు.

ఆమె లేచాక చెప్పింది: అది ఒక సముద్ర జంతువు. చూడ్డానికి చేపలా ఉంటుంది కానీ చేప కాదు. కాళ్ళ చోట తెడ్లలాంటివి ఉంటాయి. గాలి పీల్చుకోవడానికి పైకొచ్చి మళ్ళీ మునుగుతుంది. ఈ గుట్టలు ఇంకా పుట్టని కాలం నాటిది. అప్పటికి ఆవుల్లేవు, గడ్డి లేదు, మనుషుల ఊసే లేదు. చుట్టూ కనిపించేంత మేరా సముద్రమే.

పెద్దనాన్న చుట్టూ చూశాడు. ఆయన ఆవులు మేస్తున్నాయి. "లోతెంత?" అని అడిగాడు.

మ్యూజియం ఆవిడకి ఆయన పని గురించి పెద్దమ్మ అప్పటికే చెప్పి ఉంది. "కచ్చితంగా చెప్పలేం గానీ, ఇక్కడో ముప్పై అంతస్తుల మేడ కట్టి, దాని పైకప్పు మీద నిలబడ్డా మీ పాదాలు తడిసేవనుకోండి," అంది.

మేడల సంగతి ఆయనకి తెలుసు. ముప్పై అంతస్తులంటే తాడెంత పొడవో, దాన్ని ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో ఒంటికి తెలుసు. తలెత్తి పైకి చూశాడు. అంతస్తు తరవాత అంతస్తు లెక్కపెట్టుకుంటూ పోయినట్టు ఆయన చూపు ఆకాశంలోకి నెమ్మదిగా పాకడం పెద్దమ్మ చూసింది. మెడ నొప్పెట్టేదాకా అలాగే ఉన్నాడు. గోడలు లేవని వెతుక్కుని వచ్చిన చోట ఒకప్పుడు నెత్తిన అన్ని నీళ్ళుండేవి. ఆ సాయంత్రం అటక కూడా ఎక్కలేదు.

పెద్దమ్మ అప్పటికే ఒక పొరపాటు చేసింది. మ్యూజియం ఆవిడ వచ్చేలోపు ఒక పన్నుని శుభ్రం చేద్దామని తీగల బ్రష్షుతో రుద్దితే మొన విరిగిపోయింది. ఆ ముక్కని అగ్గిపెట్టెలో దూది మీద పెట్టి, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ కోప్పడలేదు. ఏ జిగురు ఎలా వాడాలో, ఏ కుంచె ఎంత మెత్తగా ఉండాలో దగ్గర కూర్చుని చూపించింది. తరవాత ఒక మాట చెప్పింది. "వంకరుంటే వంకరగానే ఉండనివ్వాలి అమ్మా. లేనిది లేనట్టే. మనం ఏదీ దిద్దకూడదు." బతుకంతా దిద్దడమే పనిగా గడిపిన మనిషికి అది చాలా కష్టమైన పాఠం. దవడ చివర ఒక పన్ను పక్కకి ఒరిగి ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా తన వేళ్ళు దురద పెట్టేవని పెద్దమ్మ అనేది.

మ్యూజియంలో మనుషులు తక్కువ. వారానికి రెండు రోజులు ఆవిడా, మరో ఇద్దరూ వచ్చేవారు. తక్కిన రోజుల్లో ఎక్కడిదాకా తవ్వవచ్చో సుద్దతో గీసి వెళ్ళేవారు. ఆ గీత దాటకుండా పెద్దమ్మ పనిచేసేది. గొడుగొకటి పాతుకుని, గోనెపట్టా పరుచుకుని, పళ్ళ ల్యాబ్‌లో వాడిన సన్నటి సూదులతోనే రాతిని పొడి పొడిగా తీసేది. దవడ అయ్యాక కన్ను వచ్చింది. కంటి చుట్టూ ఎముక పలకలు పువ్వు రేకుల్లా అమరి ఉన్నాయి. ఆ కన్ను అన్నం పళ్ళెమంత. అంత కన్ను ఎందుకంటే లోతులో వెలుగుండదు కాబట్టి అని మ్యూజియం ఆవిడ చెప్పింది. అది పెద్దనాన్న కూడా విన్నాడు. వెలుగు లేని చోట పనిచెయ్యడమంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ అప్పటికే ఆయన మూతి ముడుచుకుని ఉన్నాడు.

ఎందుకంటే ఆవులు వాగుకి వెళ్ళే దారి అదే. గట్టు తొక్కుతాయని పెద్దమ్మ ఆ దారికి అడ్డం కట్టించింది. ఎండలు ముదిరేకొద్దీ ఆయన ఆవుల్ని చుట్టూ తిప్పి గుట్ట వెనక తొట్టికి తోలాల్సి వచ్చేది. కొన్ని రోజులు సణిగాడు. తరవాత సణగడం కూడా మానేశాడు, అది ఇంకా పెద్ద సంగతి. "మీ పెద్దమ్మకి కొత్త చుట్టం వచ్చాడు. మనం గుర్తుంటామా?" అని నాతో ఫోన్లో అన్నాడు. ఆ రోజు "హలో, రాంచ్" అనలేదు.

ఇంతలో మా అక్క వచ్చింది. వాళ్ళ కూతురే, ఫిజియోథెరపిస్టు. పొద్దస్తమానం జనానికి మోకాళ్ళు వంచకండని చెప్పే మనిషి, తన తల్లి రోజంతా రాళ్ళ మీద గొంతుక్కూర్చుంటోందని తెలిసి ఒంటికాలి మీద లేచింది. రెండు దిండ్లు, ఒక పొట్టి పీట, చీవాట్ల మూట పట్టుకుని నేరుగా వాగుకి దిగింది. ఆమె అనాల్సినవన్నీ పెద్దమ్మ తలవంచుకుని విన్నది. విని, "ఇక్కడ వెన్నెముక మొదలవుతోంది. ఈ పూస పక్కన ఈ పూస సరిగ్గానే కూర్చుందంటావా? నీకు తెలుస్తుందిగా," అంది. అక్క ఇంకా కోపంగానే వంగింది. పూసలు వరసగా, టీ సాసర్లు పక్కపక్కన నిలబెట్టినట్టు, రాతిలోకి వెళ్ళిపోతున్నాయి. ఒకటి, మరొకటి, ఇంకొకటి. అక్క వేలితో ఒక్కోదాన్నీ తాకుతూ పోయి, పోయి, సుద్దగీత దగ్గర ఆగింది. "ఎంత పొడుగుందమ్మా ఇది," అంది చాలా చిన్న గొంతుతో. ఆ పూట ఆమె ఇంటికి వెళ్ళేసరికి పొద్దుగూకింది. ఆ తరవాత ప్రతి ఆదివారం వచ్చేది, దిండ్లతో సహా.

పెద్దనాన్న అలక ఎలా తీరిందో చెప్పాలి. ఒక మధ్యాహ్నం కొట్టంలో ఆయనకి బాగా ఇష్టమైన ఆవు ఈనడానికి అవస్థ పడుతోంది. దూడ కాళ్ళు కనిపించాయి గానీ అవి ముందుకాళ్ళు కావు, వెనక్కాళ్ళు. పశువుల డాక్టరు ఎక్కడో దూరంగా ఉన్నాడు. వచ్చేదాకా ఆగితే దూడ లోపలే ఊపిరాడక పోతుందనీ, తాడు కట్టి ఆవు ముక్కినప్పుడల్లా కిందికి లాగమనీ ఫోన్లో చెప్పాడు. పెద్దనాన్న ఒక్కడి బలం చాల్లేదు. వాగువైపు తిరిగి కేకేశాడు. ఆ కేకలో ఏముందో గానీ, పెద్దమ్మ చేతిలో సూది అక్కడే వదిలేసి, పీట తన్నేసుకుంటూ పరుగెత్తింది.

కంచె దాటి ఆవు పక్కకి ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ రోజు వెళ్ళింది. రాతిపొడి పట్టిన తెల్లటి చేతులతో తాడు చుట్టుకుని, ఆయన వెనక నిలబడి, ఆయన "ఇప్పుడు" అన్నప్పుడల్లా లాగింది. ఒక దశలో ఏదీ కదల్లేదు. ఆవు కళ్ళు తెల్లబడ్డాయి. "ఇప్పుడు" అని ఆయన మళ్ళీ అన్నాడు, సగం ఏడుపుతో. ఒక్కసారిగా బరువంతా జారి, ఇద్దరూ గడ్డిమీద వెల్లకిలా పడ్డారు, ఒళ్ళో తడిసి ముద్దైన దూడతో. అది కదల్లేదు. పెద్దమ్మ దాని నోట్లో వేలు పెట్టి జిగట తీసేసింది. నోరు శుభ్రం చెయ్యడం ఆమెకి ఒకరు నేర్పాలా? ముక్కులో గడ్డిపోచ పెట్టింది. దూడ తుమ్మింది.

అప్పుడే భూమ్మీద పడ్డ ప్రాణి వణుకుతూ నాలుగు కాళ్ళ మీద నిలబడబోయి, పడి, మళ్ళీ లేచింది. పెద్దమ్మ దానివైపే కళ్ళప్పగించి చూస్తోంది. దూడ ఆమె చెయ్యి నాకింది. ఆమె వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్న పెద్దనాన్న వాగు దగ్గరికి వచ్చి, గొడుగు నీడలో కాసేపు నిలబడి, "నాకూ ఒక కుంచె ఇవ్వు," అన్నాడు.

వానలు మళ్ళీ దగ్గరపడుతున్నాయి. వాగు పొంగితే ఉన్నదంతా కొట్టుకుపోతుంది. ఎముకలున్న రాతిని అలాగే పెళ్ళలుగా కోసి మ్యూజియానికి తరలించాలని నిర్ణయించారు. దానికి పద్ధతుంది. ఎముకల మీద తడి కాగితం పరుస్తారు. ఆ పైన ప్లాస్టర్‌లో ముంచిన గోనెపట్టీలు చుడతారు, విరిగిన కాలికి కట్టు కట్టినట్టు. ప్లాస్టర్ కలపడం మాత్రం పెద్దమ్మ ఎవరికీ వదల్లేదు. తల, మెడ, తోక పెళ్ళలు మనుషులే మోశారు. మధ్యభాగం, అంటే పక్కటెముకల గూడు, కదిలేలా లేదు. అది చిన్న కారంత ఉంది. దాన్ని ఎత్తేంత పెద్ద క్రేను వాగులోకి దిగదు.

పెద్దనాన్న ఒక రోజంతా దాని చుట్టూ తిరిగాడు. మూడు పొడవాటి దూలాలు తెచ్చి, పైన కలిపి కట్టి, ముక్కాలి పీటలా నిలబెట్టాడు. పైనుంచి గొలుసు, గిలకలు వేలాడదీశాడు. ఆ రోజు నేనున్నాను. అక్క ఉంది. మ్యూజియం వాళ్ళు ముగ్గురూ ఉన్నారు. పడమటి గుట్టల మీద మబ్బు నల్లగా లేస్తోంది.

ఆయన మాట్లాడలేదు. లిఫ్టు గొయ్యిలో పనిచేసేవాళ్ళు ఒకరికొకరు వినపడరు కాబట్టి చేతి సైగలతోనే పని నడుపుతారట. అరచెయ్యి పైకంటే లాగమని, కిందికంటే దించమని. మాకు అవే నేర్పాడు. అరచెయ్యి పైకి తిరిగింది. నేనూ అక్కా గొలుసు లాగాం. గొలుసు టకటకమంది. దూలాలు మూలిగాయి. ఏమీ కదల్లేదు. మళ్ళీ లాగాం. రాతి కిందనుంచి గుటక వేసినట్టు ఒక చప్పుడు వచ్చి, ఆ తెల్లటి గుట్ట నేలని వదిలింది.

వెంట్రుకవాసి. బెత్తెడు. మూరెడు. కింద తడి మట్టి కారుతోంది. ఆ గుట్టలు పుట్టకముందు సముద్రపు అడుగుకి చేరిన ప్రాణి, తన మీద గుట్టలు లేచి, అరిగి, అడవులు మొలిచి, మాడి, చివరికి మా పెద్దనాన్న ఆవులు నడిచేదాకా కదలకుండా ఉన్న ప్రాణి, మొదటిసారి కదిలింది. అది మా చేతుల్లో గొలుసు మీద వేలాడుతూ కొద్దిగా అటూ ఇటూ ఊగింది, ఈదుతున్నట్టు. పక్కకి చూస్తే అక్క కళ్ళనిండా నీళ్ళు. పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తి, తగలకుండా, అది ఊగినవైపల్లా అడుగేస్తోంది, పసిపిల్లకి నడక నేర్పేటప్పుడు నడిచినట్టు.

మ్యూజియం వాళ్ళ ట్రక్కు వెనక్కొచ్చి దాని కింద ఆగింది. పెద్దనాన్న అరచెయ్యి కిందికి తిరిగింది. పెళ్ళ ట్రక్కు మీద ఎంత నెమ్మదిగా వాలిందంటే, ట్రక్కు ఒరగడమే తప్ప చప్పుడు వినపడలేదు. అప్పుడు వాన మొదలైంది. మేమెవరం పరుగెత్తలేదు.

ఆ చలికాలం పెద్దమ్మ వారానికి రెండుసార్లు బస్సులో మ్యూజియానికి వెళ్ళేది. వెనక గదిలో, బల్ల మీద, దీపం కింద ఆ మధ్యభాగం ఉండేది. కట్టు విప్పి, కిందివైపు నుంచి రాయి తీస్తూ వచ్చారు. పక్కటెముకల మధ్య ఆమెకి సన్నటి పూసలు కనిపించాయి, పెసరగింజల దండలా. అది మింగిన చేపేమో అనుకుంది. మ్యూజియం ఆవిడ కూడా మొదట అలాగే అనుకుంది. ఇద్దరూ వారాల తరబడి ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని పనిచేశారు. దండ ఒక కొస పక్కటెముకల లోపలికీ, మరో కొస తోకవైపు, ఆ జంతువు ఒంటి బయటికీ వెళ్ళింది. లోపలి కొసన ఒక పుర్రె బయటపడింది. వేలెడు పొడవు. పొడుగాటి మూతి. కంటి చుట్టూ రేకులు, బియ్యపు గింజ కంటే చిన్నవి.

మ్యూజియం ఆవిడ భూతద్దం పక్కన పెట్టి కుర్చీలో వెనక్కి వాలింది. "ఇది తిన్నది కాదమ్మా. ఇది పిల్లని కంటోంది," అంది.

ఆ రోజు పెద్దమ్మ తిరుగు బస్సు ఎక్కలేకపోయింది. పెద్దనాన్నకి ఫోన్ చేసింది. ఆయన ట్రక్కు వేసుకుని వచ్చాడు. లోపలికి పిలిచి చూపించారు. మ్యూజియం ఆవిడ నెమ్మదిగా వివరించింది. వీటి పిల్లలు గుడ్డులోంచి కాక తల్లి కడుపులోంచే, నీళ్ళలోనే పుడతాయి. గాలి పీల్చే ప్రాణి కాబట్టి తల ముందొస్తే మునిగిపోయే ప్రమాదం. అందుకని ఎక్కువగా తోక ముందొస్తుంది, తల ఆఖర్న. ఈ పిల్ల తోక, నడుం బయటికొచ్చేశాయి. తల ఒక్కటే మిగిలింది. అంతలో ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. తల్లి అడుక్కి చేరింది. బురద కప్పేసింది.

పెద్దనాన్న బల్ల అంచు పట్టుకుని వంగి చాలాసేపు చూశాడు. కొట్టంలో ఆవు పక్కన ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. "ఇంకొక్కసారి," అన్నాడు. "ఇంకొక్కసారి ముక్కితే వచ్చేసేది."

అంత వెనకటి తల్లికి ఇప్పుడు ఎవరేం చెయ్యగలరు? కానీ ఆ గదిలో ముగ్గురూ ఆ చిన్న తల బయటికి రావాలని ఎదురుచూస్తున్నట్టే నిలబడ్డారని పెద్దమ్మ నాతో చెప్పింది. చెప్పి, తన చేతులవైపు చూసుకుంది.

అన్ని పెళ్ళలూ శుభ్రమై, హాల్లో ఒకచోట పేర్చేసరికి ఇంకో రెండు చలికాలాలు గడిచాయి. తల్లినీ పిల్లనీ విడదీయలేదు. ఎలా దొరికాయో అలాగే ఉంచారు. ఒరిగిన పన్ను ఒరిగే ఉంది, విరిగిన మొన అతుకు కనిపిస్తూనే ఉంది. హాలు తెరిచిన రోజు మేమంతా వెళ్ళాం. ఈ చివరనుంచి ఆ చివరకి అది గది పొడవునా పరుచుకుని ఉంది. ఇన్నాళ్ళూ ముక్కలుగా చూసినవాళ్ళం, మొత్తం ఒక్కసారిగా చూడ్డం అదే మొదలు. జనం లోపలికొచ్చేటప్పుడు గోలగా మాట్లాడుకుంటూ వచ్చి, దాని ముందు చెప్పులు విప్పాలా అన్నట్టు ఆగిపోయేవారు. మనవరాలు మాత్రం తల దగ్గరనుంచి తోక దాకా నడిచి, అక్కడ చిన్నదాన్ని చూసి, వాళ్ళమ్మ కొంగు పట్టుకుని అడిగింది, దానికి పేరు పెట్టారా అని. లేదని అక్క చెప్పింది. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, పుట్టాక పెడతారులే అంది.

పెద్దమ్మ ఆ మాట విన్నట్టు కనిపించలేదు. ఆమె చిన్న పుర్రె ముందు నిలబడి ఉంది. పెద్దనాన్న దీపాలు వేలాడదీసిన తాళ్ళు గట్టివో కావో తలెత్తి చూస్తున్నాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు నేనూ వాళ్ళ ట్రక్కులోనే ఉన్నాను. గుట్ట ఎక్కగానే, కింద ఫారం మొత్తం కనపడే చోట పెద్దనాన్న బండి పక్కకి తీసి ఇంజను ఆపాడు. సాయంత్రపు ఎండలో గడ్డి గాలికి ఒకవైపునుంచి మరోవైపుకి వంగుతూ లేస్తూ ఉంది. ఆవులు వాగులో దిగి నిలబడి నీళ్ళు తాగుతున్నాయి. ఇద్దరూ దిగలేదు. అద్దంలోంచి అలా చూస్తూ ఉండిపోయారు.

"చలి మొదలైంది. దూడల్ని లోపలికి తోలాలి, పదండి," అంది పెద్దమ్మ.

ఆయన తాళం తిప్పాడు.